మట్ట నీడ

వరదకి కరెంటు స్తంభం ఒరిగి పదహారో రోజు.
వైనతేయ పాయ అవతలి గట్టున లైట్లు వెలుగుతున్నాయి.
ఇవతల మా లంకలో
నా షెడ్డు రేకు మీద రెండు సోలార్ పలకలు,
బల్ల కింద బ్యాటరీ,
బల్ల మీద డెస్క్‌టాపు.

ఆటో బ్యాటరీ కాదండి,
పొడుగు గొట్టాలది, నూట యాభైది.
పడవ దాటించినప్పుడు ధనకోటి
దీనికి ఇద్దరి రేవు డబ్బులు తీసుకున్నాడు.
"కూచోదు, నుంచోదు, దిగమంటే దిగదు" అని.

ల్యాప్‌టాప్ కొనుక్కోరాదా అంటారు.
కొనుక్కోవచ్చు.
ఈ కీబోర్డు మీద 'ర' చెరిగిపోయింది,
చెరిగినచోటు నా వేలికి తెలుసు.
పన్నెండేళ్ళ శుభలేఖలు, కొబ్బరి లెక్కలు,
పోయినవాళ్ళ ఫొటోల వెనక
నేను వేసిన నీలం ఆకాశాలు
అన్నీ ఇందులోనే.

ఇప్పుడు నాకు వాట్లు తెలుసు,
మా అమ్మకి గిద్దా సోలా తవ్వా తెలిసినట్టు.
డబ్బా వెనక నాలుగొందల యాభై అని రాసుంటుంది.
నమ్మకండి, తినేది అరవై.
తెరకి ఇరవై,
వెలుగు సగం తగ్గిస్తే పన్నెండు.
స్పీకర్లు పీకేశాను.
ఫ్యాను వెయ్యను.

ప్రింటరు మాత్రం కొత్తల్లుడు.
కూచోగానే ఐదొందలు మింగుతాడు,
ఇన్వర్టరు కుయ్యోమొర్రో అంటుంది.
అందుకే ఏ కాగితమైనా మిట్టమధ్యాహ్నమే.
ఎప్పుడు రమ్మంటావని అడిగితే గంట చెప్పను,
"నీ నీడ నీ కాళ్ళ కిందకొచ్చాక రా."

వరదకి ముందు
రోజూ పదింటికి ఒక చిత్రం జరిగేది.
పేరయ్య గారి చెట్టు నుంచి ఒక కొబ్బరి మట్ట నీడ
పలక మీద అడ్డంగా పడేది.
జానెడు.
పోతే జానెడే పోతుందనుకున్నాను.
మీటరు చూస్తే సగం పైన పోయింది.
లోపల బిళ్ళలన్నీ చేతులు పట్టుకుని నిలబడతాయట,
ఒకటి నీడలో పడితే
వరస వరసంతా ఆగిపోతుందట.

మట్ట కొట్టించమని అడిగాను.
"దానిమీద గెల ఆనుకునుందమ్మా, ముప్పై కాయ" అన్నారు.
ఆయన గెల వైపు చూశారు,
నేను మీటరు వైపు చూశాను.
అక్కడితో అయిపోయింది.

ఈ రాత్రి నష్టాల జాబితా.
రేపు పన్నెండుకి ఆఫీసరు గారి పడవ.
సాయంత్రమంతా మబ్బు.
బ్యాటరీ పన్నెండు పాయింట్ ఒకటి.
వాకిట్లో వరస కట్టి
ఎవరి నష్టం వాళ్ళు చెబుతున్నారు, నేను కొడుతున్నాను.
గోడ, ఒకటి.
కుట్టుమిషను, ఒకటి.
అరటి, ఎకరం ముప్పావు.
"పెయ్యదూడండి" అంది లోవలక్ష్మి.
"నల్లపూస. పేరు కూడా రాయండి."
పేరుకి గడి లేదు.
రాశాను.

పదకొండు పాయింట్ తొమ్మిది.
మూడు పేర్లకోసారి కంట్రోల్ నొక్కి ఎస్ నొక్కుతున్నాను,
పిట్ట గూట్లో పుల్ల పెట్టొచ్చినట్టు.

పేరయ్య గారు చివర్లో వచ్చారు.
కొబ్బరి చెట్లు, పదకొండు.
ఒడ్డు కోసుకుపోయి, వేళ్ళతో సహా.
పదకొండు దగ్గర నా వేలు ఆగింది.
ఆ పదకొండులో నా షెడ్డు పక్కదీ ఉంది.

"ఎండ బాగా వస్తోందా అమ్మా ఇప్పుడు?"
ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు.

"వస్తోందండి."

పదకొండు పాయింట్ ఆరు.
ఇంతకన్నా దించితే మళ్ళీ లేవదు.
ఇన్వర్టరు మూడుసార్లు అరిచింది.
ఆపేశాను.
చీకట్లో ఎవరూ లేవలేదు.
ఇంకా ముప్పై ఇళ్ళున్నాయి.
కాసేపటికి ఎవరో అడిగారు,
పొద్దున్న ఎన్నింటికి రమ్మంటావని.

తూర్పు పక్క ఇప్పుడు చెట్లేం లేవుగా.
ఏడింటికే వచ్చేయండి.