చేటెడు తవుడు

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండులో
తండ్రులు పిల్లల్ని పాతిపెట్టి ఇంటికొచ్చి
ప్రాస కుదిరేదాకా కూర్చునేవారు.
ఏటా థర్డ్ బీయే వాళ్ళకి ఇది చెబుతాను.
పరీక్షలో ఐదు మార్కులకి వస్తుంది:
సమాధి పద్యం లక్షణములు వ్రాయుము.
ఒకటి, క్లుప్తత. రాతి మీద చోటు తక్కువ కాబట్టి.
రెండు, దారినపోయేవాణ్ణి ఆగమనడం.
మూడోది నాకే ఎప్పుడూ గుర్తుండదు,
నోట్సు తిరగెయ్యాలి.

ఈ ఏడు పిల్లల్ని విజయనగరం కంటోన్మెంటులో
పాత దొరల సమాధుల దొడ్డికి తీసుకెళ్ళేను.
పదకొండు మంది. ఇద్దరు సెల్ఫీలకని ఎటో పోయేరు.
ముళ్ళకంప దాటితే, మేకలు ఒరుసుకుని నునుపెక్కిన పలకల దగ్గర
ఒక ముసలాయన గొంతుక్కూర్చుని
చెరిగిన అక్షరాల్లో చీపురుపుల్లతో
నల్లరంగు నింపుతున్నాడు.
ఇంగ్లీషు రాదుట. చెయ్యి మాత్రం తప్పు పోదు.
ఏ అంటే నిచ్చెన, ఎస్ అంటే జెర్రిపోతు,
ఓ అంటే నుయ్యి.

"ఏటి రాసున్నాది బావూ?"

పాఠం చెప్పే గొంతు సవరించుకుని తెలుగు చేసేను:
బాటసారీ, మెల్లగా అడుగెయ్యి.
నాలుగు నెలల పదకొండు రోజుల వాడు
ఇప్పుడే నిద్రపోయేడు.

పుల్ల ఆగింది.
"పదకొండు రోజులు కూడా లెక్కెట్టేరేటి!"

అదే. మూడో లక్షణం.
లెక్క.

"మాయమ్మకి నా ముందర ముగ్గురు.
సంపావతి ఇసకలో ఏ పక్కనున్నారో తెల్దు.
నాను పుట్టగానే సేటలో ఎట్టి
ఎదురింటామెకి ఇచ్చేసి
సేటెడు తవుడెట్టి మల్ల కొనుక్కున్నాది.
తవుడికొచ్చినోడు, ఈడినేటి సేసుకుంతానని
సావు ఒగ్గేసి పోనాది.
అందికే తవిటయ్య నాను."
రంగు డబ్బా మూత కోసం తడుముకుంటూ
నవ్వేడు.
"ఆ ముగ్గురికీ రాయి నేదు బావూ. నా పేరే."

నాలుగక్షరాలు.
ఇంత క్లుప్తంగా ఏ తండ్రీ రాయలేదు.
ఎవర్నీ ఆగమనక్కర్లేదు, డెబ్భై ఏళ్ళుగా
సంతలో, రేషన్ కార్డులో, కూలి పెంచమంటే తిట్టులో
ఊరంతా చదువుతూనే ఉంది,
చదువుతున్నామని తెలీకుండా.

నా సొరుగులో నెల్లాళ్ళుగా ఒక అర్జీ.
లెంక తవిటమ్మ అను నేను ఇకమీదట
తన్వితగా పిలువబడుటకు.
ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాలంటే ముందు నా సంతకం.

తిరుగు బస్సులో నా ముందు సీటులో ఆ పిల్ల
ఫోను చెవికి ఆనించుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని,
"అమా, నాకు ముందర ఎంతమందే?"
అవతలి మాట నాకు వినబడలేదు.
చాలాసేపు అవతల మాటే లేదేమో కూడా.
కిటికీ ఊచ మీద ఆమె వేళ్ళు
ఒకటి మడిచింది.
తర్వాత, ఇంకొకటి.

మర్నాడు సంతకం పెట్టేను.
పెట్టక? రాయి మెళ్ళో కట్టుకు తిరగమని
ఇరవై ఏళ్ళ పిల్లతో ఎవరంటారు.
ఆమే మళ్ళీ వచ్చి అడుగుతుందేమో, వద్దు సార్ అని,
అనుకున్నాను. అడగలేదు.

గెజెట్ వచ్చేదాకా అటెండెన్సులో పాత పేరే.
తొమ్మిదో నంబరు దగ్గర
కొంచెం మెల్లగా పిలుస్తున్నాను.
వెనక బెంచీలోంచి
"ప్రెజెంట్ సార్."
ఒక్క గొంతే.