మేకలు పడుకునే చోటు

నేలను చదివే ఉద్యోగం నాది.
డ్రిల్లు బిట్టు నమిలి ఉమ్మిన రాతిపిండిని
అయిదు మీటర్లకోసారి జల్లెడ పట్టి, కడిగి,
భూతద్దం కింద పెట్టి
కింద ఎంత వేడి ఉందో అడగడం.

పిస్తా రంగు గింజ కనబడితే పండగ.
ఎపిడోట్ అంటాం దాన్ని.
రెండువందల యాభై డిగ్రీల పొయ్యి మీద తప్ప
ఆ పచ్చదనం పుట్టదు.
మొదటి బావిలో దోసిళ్లకొద్దీ దొరికింది.
క్యాంపులో మేకను కోశారు.
నన్ను భుజాల మీద ఎత్తారు కూడా.

తరవాత థర్మామీటరు దింపాం.
నూటపది.
చాయ్ కాచుకోవచ్చు. టర్బైను తిరగదు.
రాయి అబద్ధమాడదు,
కానీ ఎప్పటి మాటో చెప్పదు.
ఆ పొయ్యి ఏనాడో ఆరింది,
మనుషులింకా ఈ లోయకి పేరు పెట్టకముందే.

నోల్మోంగి గుడిసె అక్కడికి కూతవేటు.
ఆమె మొదటిరోజే అడిగింది:
"బావి అంటున్నారు, నీళ్లేవి?"
నీళ్ల కోసం కాదవ్వా, ఆవిరి కోసం అన్నాను.
"ఆవిరి నాకూ ఉంది" అని తీసుకెళ్లి చూపించింది.
నేల చీలిక మీద బోర్లించిన సగం నూనె డ్రమ్ము,
దానికో వంకర గొట్టం,
గొట్టం చివర చెక్కకి కట్టిన ఆవుకొమ్ము,
కొమ్ములోంచి బొట్టు. ఆగి, ఇంకో బొట్టు.
తెల్లారేసరికి ఒకటిన్నర క్యాను.
ఏరు లేని ఈ వాలు మీద
తొమ్మిదిమంది పిల్లల్ని ఆ బొట్లతోనే పెంచింది.
తాగాను. కాస్త గంధకం, కాస్త ఇనుము.

చల్లబావి సంగతి చెబితే
ఓదార్చలేదు.
"జూన్ చలిలో నా మేకలు ఎక్కడ పడుకుంటాయో
ఎప్పుడైనా చూశావా?"
తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని వెళ్లాను.
మంద మొత్తం, నేను మ్యాపు మీద
ఎర్ర పెన్సిలుతో చుట్టిన సున్నాలోనే పడుకుంది,
ఒక్క ముసలి మేకపోతు తప్ప.
అది రెండువందల అడుగుల అవతల
ఒంటరిగా, కాళ్లు చాపుకుని,
పొట్ట నేలకి ఆనించి, కళ్లు మూసుకుని
రాజుగారిలా.

"ఉపరితల ఉష్ణ సూచనల ఆధారంగా"
అని రాశాను నివేదికలో.
సంతకం నాది.

రెండువేల మూడువందల మీటర్ల దగ్గర
వాల్వు తిప్పిన మధ్యాహ్నం,
మాటలు పోయాయి ముందు. చెవులు తరవాత.
కొండ నిలువునా ఊపిరి వదిలినట్టు
తెల్లటి స్తంభం.
చేతులు ఊపుకుని అభినందించుకున్నాం, మూగవాళ్లలా.
మేకలు మూడు కొండలు దాటాయి.
పోతు నాలుగోరోజు దొరికింది.
పరిహారం కాగితంలో, కారణం అన్న గడిలో,
నోల్మోంగి వేలిముద్ర పక్కన
నేనే రాశాను: చప్పుడు.

ఇప్పుడు రాత్రిళ్లు తీగలు కొండ దిగి
సరస్సు ఒడ్డున గులాబీ తోటలకి పోతాయి.
పువ్వులు నిద్రపోకుండా దీపాలట.
ఆమె గుడిసెకీ ఒక స్తంభం వేశారు, ఒక బల్బు.
బల్బు కింద కూర్చుని ఆమె
బొట్లు లెక్కపెడుతుంది.
ఒకటిన్నర క్యాను ఒకటయింది,
అక్టోబరు నుంచి.
ఎండాకాలం కదా, అన్నాడు మేనేజరు.
అయ్యుండొచ్చు.
మేమూ అయ్యుండొచ్చు.
నా లాగ్ బుక్కులో ఆ క్యానుకి గడి లేదు.
వెనక అట్ట మీద రాస్తున్నాను, రోజూ, తేదీ వేసి.

"చెరోప్ అంటే ఏమిటి, మీ భాషలో?" అని అడిగిందోసారి.
వానలో పుట్టినది, అన్నాను.
ఆమె కొమ్ము చివర వేలు పెట్టి
తడి చూసుకుంది.
ఏమీ అనలేదు.

మళ్లీ జూన్ వచ్చింది.
ముసలి పోతు బావి పక్కన పడుకోవడం లేదు.
ఇంకా తూర్పున, నల్లరాతి గట్టు అవతల,
పొట్ట నేలకి ఆనించి, కళ్లు మూసుకుని.
నోల్మోంగి చూసింది. నేను చూడటమూ చూసింది.

ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను.
మ్యాపు ఇంకా విప్పలేదు.