పద్దెనిమిది

లెక్కల పుస్తకం కోపెన్‌హాగెన్ నుంచి
ఓడలో వచ్చింది, మా గ్రీన్‌లాండ్ తీరానికి.
మొదటి లెక్కలోనే ఒక బస్సు.
బస్సంటే ఏమిటని అడిగాడు క్విల్లాక్.
మా ఊళ్ళో రోడ్డు దుకాణం దగ్గర మొదలై
రేవు దగ్గర అయిపోతుంది.

ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ పక్కన పెట్టి
బూట్లూ మేజోళ్ళూ విప్పమన్నాను రెండో తరగతిని.
పదకొండు మంది. నవంబరు.
ఉదయం పదవుతున్నా కిటికీలో చీకటే.
హీటరు చుట్టూ పాదాలు చాపుకుని కూర్చున్నారు,
గదంతా చేపనూనె వాసన.

మా అవ్వ లెక్కపెట్టే పద్ధతి చెప్పాను:
చేతులు అయ్యాక కాళ్ళకి దిగాలి.
చివరి చిటికెనవేలు దగ్గర
ఇరవై అనేవాళ్ళు కాదు పూర్వం,
“ఒక మనిషి పూర్తయ్యాడు” అనేవాళ్ళు.
నేను పూర్తయ్యాను! నేను కూడా!
ఒకటే కేకలు.

పిపాలుక్ ఒక్కతే బూటు విప్పలేదు.
“మా నాన్న కుడిచేతికి మూడే.
గాలాల తాడు చుట్టే యంత్రం రెండు తీసుకుంది.
పద్దెనిమిది దగ్గరే ఆగిపోతాడా?
లెక్కలోకి రాడా?”

పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను.
చాక్‌పీసు వేళ్ళ మధ్య నలిగింది తప్ప
మాట రాలేదు.
“రేపు చూద్దాం” అన్నాను,
జవాబు తెలియని పంతులమ్మలందరూ అనేదే.

మర్నాడు తీసివేతలు.
ముప్ఫైరెండులోంచి పద్నాలుగు.
రెండులోంచి నాలుగు పోదు,
పక్కింటికెళ్ళి ఒక పది అప్పు తెచ్చుకోవాలి.
వారం రోజులుగా ఇదే మొత్తుకుంటున్నా
ఒక్క బుర్రకీ ఎక్కలేదు.
“మరి తిరిగి ఎప్పుడిస్తాం?” అంటాడు
క్విల్లాక్, దుకాణదారు కొడుకు.

పిపాలుక్ లేచింది, చెయ్యెత్తకుండానే.
“రాత్రి నాన్నని లెక్కపెట్టాను.
పద్దెనిమిది దగ్గర ఆగి నావైపు చూశాడు.
నా వేళ్ళు రెండు ఇచ్చాను.
పూర్తయ్యాడు.”

“మరి నీకు తగ్గలేదా?”

“తగ్గాయి. అమ్మని అడిగాను.
అమ్మకి తగ్గితే తమ్ముణ్ణి అడిగింది.
వాడు నిద్రపోతున్నాడు,
ఊరికే తీసేసుకున్నాం.”

క్విల్లాక్ ఇంకేమీ అడగలేదు.
నేను బోర్డు వైపు తిరిగి
అప్పు తెచ్చి, తీసేసి, కింద గీత గీసి చూస్తే
వచ్చింది పద్దెనిమిదే.
దాని పక్కన ఏం రాయాలో తోచలేదు.

నిన్నటి మేజోడు ఒకటి, జోడు లేకుండా,
ఇంకా హీటరు మీదే ఆరుతోంది.
నాదని ఎవరూ అనరు.