వేడి మీద

పొద్దున్న తెచ్చినప్పుడల్లా బుద్ధిమంతురాలే.
తాళం తిప్పీ తిప్పకముందే పలికేది.
హైమవతి గారు నా మొహం చూసేవారు,
నేను బండి మొహం చూసేవాణ్ణి.
"మీ ముందు నటిస్తంది, అసిరయ్యా!"

జూట్ మిల్లు వేలంలో కొన్న ఫోక్స్‌వాగన్.
ఇంజను వెనకాల. నీళ్లు తాగని జాతి,
గాలి ఒక్కటే దిక్కు దానికి.
చిలకపాలెం పిల్లలకి మాత్రం అది తాబేలు.

మొదటిసారి కాయిల్ మార్చాను.
రెండోసారి కండెన్సర్.
ఖాదీ సంఘం లెక్కలు రాసే ఆ చేత్తోనే
రూపాయి బేరమాడకుండా ఇచ్చారు రెండిటికీ.
మూడోసారి రైలుగేటు దగ్గర మొరాయించిందని కబురు.
అప్పుడన్నాను:
"సల్లారిపోనాక తేకండమ్మా.
జొరం దిగిపోనాక నాడి పడితే
ఏటి తెలుస్తాది?"

వైశాఖం. మిట్టమధ్యాహ్నం.
పొందూరు దాకా పోయి తిరిగొస్తూ
గేటు దగ్గర ఆపించాను.
ఆగింది ఇంజనే. వేడి ఆగలేదు.
ఫ్యాను నిలిచాక లోపలి సెగ
దారి లేక పైపైకి పాకుతుంది,
అరిచి ఊరుకున్న మనిషి ఒంట్లో లాగ.
పది నిమిషాలు.
రెండు టీలు. ఒక గూడ్సు బండి.

తాళం తిప్పారు.
కుయ్, కుయ్, కుయ్. అంతే.

వెనక మూత ఎత్తాను. ముందు ముక్కు పెట్టాను:
పెట్రోలు వాసన ముంచుకు రాలేదు,
కార్బురేటర్ పొంగలేదు.
ఆవిడ సంచిలోంచి తువ్వాలు ఇచ్చారు,
సన్ననూలు, నా జిడ్డు చేతికి ఇవ్వదగ్గది కాదు.
టీ కొట్టు బకెట్లో ముంచి పంపుకి చుట్టాను.
పైపులో ఆవిరి పట్టిందేమోనని.
లేదు.
కాయిల్‌కి చుట్టాను. లేదు.
ప్లగ్గు ఊడదీసి ఇనుముకి ఆనించాను:
నీలంగా, నిక్కచ్చిగా నిప్పు.
పెట్రోలుంది, నిప్పుంది,
గాలికి ఈ ఊళ్లో కరువేటి?
మరేటి నేదు?

మళ్లీ తిప్పమని, ఈసారి కళ్లు మూసుకున్నాను.
తిరగడంలోనే ఉంది.
మరీ తేలిగ్గా తిరుగుతోంది.
నలుగురు వడ్లు దంపుతుంటే
ఒక రోకలి గింజకి తగలకుండానే లేస్తోంది,
తక్కిన మూడూ నీరసంగా పడుతున్నాయి.
వాల్వు మూసుకోవటం లేదు.
ఓరవాకిలిగా ఉండిపోతోంది,
నొక్కిపట్టాల్సిన ఊపిరి అటే జారిపోతోంది.

రాత్రంతా చల్లారనిచ్చాను.
తెల్లారకముందే టార్చి నోట కరుచుకుని
ఫీలర్ గేజీ ఆకు దూర్చబోయాను.
ఆరో నంబరు, రెండు వెంట్రుకల మందం. దూరలేదు.
నాలుగో నంబరు. దూరలేదు.
మూడో సిలిండర్ దగ్గర రెండోది కూడా.

అప్పుడు గుర్తొచ్చింది.

మాఘంలో ఈ వాల్వులు సర్దింది నేనే.
ఆమదాలవలసలో రైలు అందుకోవాలని,
ఇంజను ఇంకా సెగలు కక్కుతుండగానే
కాలిన వేళ్లు ఊదుకుంటూ
వేడి మీది కొలతే కొలతనుకుని
బిగించేసి పోయాను.

నేను మార్చిన పాత కాయిల్, పాత కండెన్సర్
బల్ల కింద డబ్బాలో ఉన్నాయి ఇంకా.
మంచివే.

ఎనిమిది నట్లు.
ఒక్కొక్కటీ వదులు చేసి, ఆకు దూర్చి,
కొత్త గాజు మణికట్టు దాటేటప్పుడు
కాస్త పట్టి, కాస్త వదిలినట్టు
అనిపించేదాకా తిప్పాను.

మధ్యాహ్నం మళ్లీ అదే గేటు.
అవే పది నిమిషాలు.
ఆవిడ టీ తాగారు. నాది చల్లారిపోయింది.
తాళం.
ఒక్క తిప్పుకే అందుకుంది.

ఆవిడ నవ్వారు. మెచ్చుకోబోయారు.
నా నోటికన్నా ముందు చెయ్యి కదిలింది:
రెండు పాత బిల్లుల నకళ్లు, వాటి మీద డబ్బులు,
బండి ముందు మూత మీద.
"ఇదేటి, అసిరయ్యా?"

అంతలో గేటు పడింది. మద్రాసు వేపు బండి
పెట్టె తరవాత పెట్టె, ఎన్ని పెట్టెలో.
మోత తగ్గేసరికి ఆవిడ చెయ్యి
తాళం మీదికి పోయింది, పెట్రోలు దండగని.

"ఆపకండమ్మా," అన్నాను,
"వేడి మీదుండగానే
సెప్పేస్తాను."