పందొమ్మిది జతల బూట్లు

గురువారం పొద్దున్న బస్సు దగ్గర
నా పని బూట్లు లెక్కపెట్టడం.
పందొమ్మిది జతలు, ముప్ఫై ఎనిమిది.
ఒక్కటి తగ్గినా రాత్రి తల్లుల గ్రూపులో
నా పేరు మోగిపోతుంది.

నా పేరు లోవ.
పిల్లలకి నోరు తిరక్క లూలూ అంటారు.
అరబ్బీలో ముత్యం అని మారిసెల్ టీచర్ చెప్పింది.
ఊళ్ళో పెద్ద దుకాణం పేరూ అదేనని
డ్రైవర్ ఫిరాసత్ భాయ్ నవ్వాడు.

రాస్ అల్ ఖైమాలో
సముద్రం ఊళ్ళోకి ఒక వేలు చాపిన చోట
మడ చెట్లున్నాయి.
మొదటిసారి చూసి నిలబడిపోయాను.
తాళ్ళరేవు అవతల మా నాన్న పడవ కట్టే చోట
ఇవే ఆకులు, ఇదే మురగపెట్టిన గుడ్డు వాసన.
విమానమెక్కి వచ్చి
మేనత్త ఎదురైనట్టయింది.
టీచర్ అట్టముక్క మీద ఏదో పొడుగు పేరు రాసుకొచ్చింది.
తెల్లమడ, అనుకున్నాను నేను.

నిహాంత్‌ది పద్నాలుగో అంతస్తు.
వాడి అరికాళ్ళకి తెలిసినవి
పాలరాయి, లిఫ్టు, తివాచీ.
నాలుగున్నరేళ్ళు. మాట రాలేదని ఫైల్లో ఉందట.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు,
టీవీలో కుక్కపిల్లలది ఇంకేదో భాష.
ఎందులో నోరు తెరవాలో తేలక
మూసుకున్నాడని నా లెక్క.

పోటు తీసిన నేల.
ముజ్తబా పరిగెత్తి, పడి,
లేవడం మానేసి అక్కడే ఈదాడు.
ఘాలియా గౌను మోకాళ్ళ పైకి దోపుకుని
మా ఊరి నాట్ల కూలీలా వంగింది.
వీడు మాత్రం నా ఏప్రన్ కొస పట్టుకుని
ఒక కాలు గాల్లోనే ఉంచాడు
కొంగలాగా, చాలాసేపు.

నేను లాగలేదు. రమ్మనలేదు.
మా నాన్నా నన్ను లాగేవాడు కాదు,
వల సర్దుకుంటూ ఉండేవాడంతే.

కాలు దించాడు.
బురద వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది.
ఏడుస్తాడని టీచర్ టిష్యూలు తీసింది.
వాడు కాలు తీసి, గుంట నీళ్ళతో నిండడం చూసి,
మళ్ళీ అందులోనే పెట్టాడు.

చెట్టు చుట్టూ పెన్సిళ్ళు పాతినట్టు వేళ్ళు,
ఆకాశం కేసి.
"కింద గాలాడదు కదరా,
పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి" అన్నాను.
వంగి, ఒక వేరుకి ముక్కు ఆనించి
దాంతోపాటు పీల్చాడు, వదిలాడు.
తర్వాత ఎవరూ చూడట్లేదనుకుని
ఒక ఆకు నాకాడు.

"లూలూ,
చెట్టుకి చెమట పట్టింది."

మొదటి మాట అంత పెద్దదని
నేనెవరికి చెప్పను?
ఆ పొద్దున్న పీత బొరియలు పదకొండు దాకా లెక్కపెట్టాడు.
పన్నెండోదాన్లోంచి పీత బయటికొచ్చి
ఏడోదాన్లో దూరింది.
లెక్క చెడింది.
విరగబడి నవ్వి, మళ్ళీ ఒకటి నుంచి.

బస్సులో టీచర్ ఫారం తీసింది.
అంకెలు గుర్తించునా, రంగులు చెప్పునా,
వరుసలో నిలబడునా.
ఆకు నాకుట అన్న గడి లేదందులో.
పెన్ను కాసేపు ఆగింది.

రాత్రి వాళ్ళమ్మ గ్రూపులో
మేజోళ్ళ ఫొటో పెట్టింది. మరక పోలేదని.
అరగంటకి మళ్ళీ:
బాల్కనీ కుండీలో మొక్కకి
ఊపిరాడుతోందా అని అడుగుతున్నాడు, ఏం చెప్పను?
టీచర్ ఫోను నా ముందు పెట్టి చదివింది.
కుండీ దగ్గర కూర్చుని వినమను, అన్నాను.
అది తెలివైన జవాబో కాదో నాకు తెలీదు,
నిద్ర ముంచుకొస్తోంది అప్పటికి.

ఎండలు ముదిరి తలుపులు మూసేలోగా
ఇంకా ఆరు గురువారాలు.
ఈ వారం బస్సు దగ్గర
ముప్ఫై ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను. ముప్ఫై ఏడే.
సీటు కింద చూశాను, ఫిరాసత్ భాయ్ కాళ్ళ దగ్గర చూశాను.
కిటికీ పక్కన నిహాంత్,
ఒక కాలికి బూటు, ఒక కాలికి బురద.

"పీతకిచ్చా" అన్నాడు.
దానికి ఫ్లాటు లేదట.