సగం మంచం

చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటే
మైకు తెరిచిన ప్రతిసారీ
"మీ దగ్గర వానా?" అంటాడు టీమ్ లీడు.
మూడేళ్ళుగా అదే ప్రశ్న.
ఒక్కోసారి వానే అనేస్తాను.
రొయ్యలకు ఊపిరాడాలని నీళ్ళు చిలుకుతామని
ఎన్నిసార్లు విడమర్చి చెప్పను?

కరెంటు పోతే జనరేటరు ముందు చెరువుకే,
ఆ తర్వాతే నా వైఫైకి.
న్యాయమే.
అవి చచ్చిపోతాయి,
నేను ఆఫ్‌లైన్ అవుతాను, అంతే.

సోమ, మంగళ, బుధ మాదాపూర్.
మిగతా వారం లంకలకోడేరు.
మధ్యలో రాత్రి రైలు, పై బెర్తు,
తలకింద లాప్‌టాప్ సంచి.

ఇంట్లో ఉన్న రోజుల్లో
గ్యాసు బండొస్తే నన్నే పిలుస్తారు.
పక్కింటి మంగాయమ్మగారు ఫోను పట్టుకొచ్చి
"ఓటీపీ వచ్చింది చూడమ్మా, ఖాళీయేగా" అంటుంది.
మీటింగులో ఉన్నానండీ అంటే
"కూచునే ఉన్నావుగా!"
కూచునే ఉన్నాను. నిజమే.

కానీ హిమజ పాలపన్ను ఊడింది ఓ గురువారం,
పదకొండూ నలభైకి, నా అరచేతిలో.
స్క్రీను మీద ఎవరిదో ఆసుపత్రి బిల్లు.
ఆ మనిషి క్లెయిము పది నిమిషాలు ఆలస్యమైంది.
ఎవరో తెలిస్తే క్షమించమని అడిగేదాన్ని.

ప్రమోషన్ సంగతి మాత్రం
ఓ శుక్రవారం కాఫీ మెషీను దగ్గర తేలిపోయిందట.
ఆ పూట ఇక్కడ కరెంటు లేదు,
కాలవగట్టు మీద నిలబడి
చెయ్యెత్తి సిగ్నలు వెతుక్కుంటున్నాను.

హాస్టల్లో నాది సగం మంచం.
అడ్డంగా సగం కాదు, వారంలో సగం.
నేను లేచొచ్చిన పక్క మీద
గురువారం నుంచి ఇంకెవరో పడుకుంటుంది.
ఎన్నడూ చూడలేదు.
బకెట్టు మీద గోళ్ళరంగుతో రాసుకుంది,
బి. సువార్త.

మొదట్లో దిండు మీద ఆమె వెంట్రుక కనపడితే
గలీబు తిరగేసేదాన్ని.
ఇప్పుడు నాకోసం తలనొప్పి మందు డబ్బా
మూత బిగించకుండా వదిలివెళ్తుంది,
నేను తాటితాండ్ర పొట్లం పెట్టొస్తాను.
పోయిన వారం దిండు కింద చీటీ:
"అక్కా, తాండ్రలో ఇసక తగిలింది. బావుంది. ఇంకా తెండి."

బుధవారం రాత్రి నేనిటు వస్తుంటే
తనటు వెళ్తూ ఉంటుంది.
ఏదో స్టేషన్లో మా రైళ్ళు రెండూ
పక్కపక్కన ఆగే ఉంటాయి,
ఇద్దరం నిద్రలో ఉండగా.

ఏ ఊరమ్మా మీది అని అడగాలి.
తాండ్ర చుట్టే కాగితం మీద
ఈసారి కాస్త చోటు మిగల్చాలి.