సంతకం గడి

ప్రోగ్రెస్ కార్డు కుడి చివర
అగ్గిపెట్టంత గడి:
తల్లి / తండ్రి / సంరక్షకుల సంతకం.
అందులో నీలం మరక ఒకటి.
వేలిముద్రే. కానీ గీతల్లేవు.
కెరటం వెనక్కెళ్ళాక మిగిలిన ఇసకలా నున్నగా ఉంది.

"ఇదేమిటమ్మా, సరిగ్గా వేయించుకు రా" అన్నాను.
మడ్డు ఢిల్లీశ్వరి, తొమ్మిది బి, గోడవైపు మూడో బల్ల,
కాలి బొటనవేలు చూసుకుంటూ చెప్పింది:
"అమ్మ ఏలు పడదండి మాస్టారూ.
రేసను మిసనూ ఒప్పుకోదు.
మా మామ్మొచ్చి ఏలెడతాదండి."

పదకొండేళ్ళుగా పలాసలో లెక్కలు చెబుతున్నాను.
జీడిసొన వేలిని ఒలిచేస్తుందని
ఆ రోజుదాకా తెలీదు.
పప్పు తిన్నాను.
దీపావళికి కిలో డబ్బాలు కొని
తమ్ముళ్ళకి పంపాను కూడా.

మండలం ఆఫీసు ఫారంలో ఇంకో గడి ఉంటుంది:
వెనకబడటానికి కారణం.
గైర్హాజరు, అనారోగ్యం, శ్రద్ధ లోపం, ఇతరములు.
మూడో దాని మీద టిక్కు పెట్టడం
ఎంత అలవాటంటే
పేరు చదవకముందే పెన్ను అక్కడికి పోతుంది,
సాయంత్రం ఇంటిదారి పట్టిన గేదెలా.

మొదటి బల్లలో సుహాస్, మందుల షాపు వాళ్ళబ్బాయి,
నలభైకి ముప్పై తొమ్మిది.
అబద్ధమెందుకు, తెలివైనవాడే.
వాళ్ళమ్మ ఎమ్మెస్సీ.
వాడు చేసిన తప్పు ఆ రాత్రే
అన్నం కంచం పక్కన దిద్దుబాటైపోతుంది.
ఢిల్లీశ్వరి తప్పు తెల్లారేదాకా సంచిలో పడుకుని
నలభై రెండు తప్పుల గుంపులో
నా దగ్గరికొస్తుంది.
అప్పటికి నాకు ఓపిక ఉండదు.

నా సంగతి చెప్పాలా?
బొబ్బిలి స్టేషన్లో మా నాన్న టిక్కెట్లు ఇచ్చేవాడు.
పద్నాలుగో ఎక్కం ఆయన సైకిలు కడ్డీ మీద వచ్చింది నాకు.
చిల్లర లెక్కపెడుతుంటే భిన్నాలొచ్చాయి.
బడి గడప తొక్కేసరికే
సగం మార్కులు నిక్కరు జేబులో ఉన్నాయి.
నలభై ఏళ్ళపాటు
అది నా బుర్రే అనుకున్నాను.

ఓ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర
కాంతమ్మ ఎదురైంది.
మొగుడు చెన్నైలో, ఏదో అపార్టుమెంటు పదో అంతస్తులో.
బూడిద అంటిన చేతులు కొంగులో దాచుకుని
తప్పు చేసిన పిల్లలా నిలబడింది.
"మా గుంటకి సదువు రాదేటి మాస్టారూ?"
నేను లోపలికి చూశాను, ట్రేల వైపు.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఇంకోవైపు.
కత్తి పడ్డ తీరుకి విరిగిందో
గింజే అంతో
ఏ ట్రే మీదా రాసి ఉండదు.
ధర రాసి ఉంటుంది.

వస్తుందమ్మా, అన్నాను.
ఎలాగో చెప్పలేదు.

మూడో యూనిట్ టెస్టు కార్డులొచ్చాయి.
గడిలో సంతకం!
మ. కాంతమ్మ.
దొంగ సంతకం, పిల్లని పిలవండి, అన్నారు హెడ్మాస్టరు.
ఢిల్లీశ్వరి సున్నలు నాకు తెలుసు.
ఆరు నెలలుగా ఎర్రసిరాతో నేను చుడుతున్నవే,
గుండ్రంగా మూసుకుంటాయి.
కాంతమ్మలో సున్న మూసుకోలేదు.
గీత దాటి కిందికి జారి
అక్కడే కాసేపు ఆగి
మళ్ళీ పైకెక్కబోయింది.

"ఎప్పుడు నేర్పేవమ్మా?"
"రేతిరండి. పప్పు ఒలిసీసినాక.
పదిహేన్రోజులు పట్టీసినాదండి.
'త'కి తలకట్టు కుదరలేదండి మా అమ్మకి."
నవ్వింది. ఆ పిల్లకి ఎడమవైపు పన్ను మీద పన్నుందని
అప్పుడు చూశాను.

తర్వాత మార్కులు చూశాను.
పోయినసారి పదమూడు.
ఈసారి పదకొండు.

ఫారం బల్ల మీదే ఉంది.
ఇతరములు పక్కన
ఒక్క గీతంత జాగా.
పెన్ను మూత తీసి కూర్చున్నాను.
పదిహేను రాత్రులు ఆ గీతలో పట్టేలా లేవు.

బెల్లు కొట్టారు.
నాలుగో పీరియడు. ఎనిమిది ఏ.
భిన్నాలు.